చౌడు నేలలో పైరుకు బలం



సాతంరాయి బెంగళూరు రోడ్డు మీది ఊరు. దాని పక్కనే శంషాబాద్. అక్కడ 2008లో విమానాశ్రయం మొదలైంది. సుమారు 5,500 ఎకరాల భూమి దాని కిందికి పోయింది. మిగిలిన ప్రతి గుంటా విలువైనదే. అందులో ఒక మూల చౌడు తేలితే, ఆ మేరకు పంట పోయినట్టే.

చౌడు అంటే నేలలో ఉప్పు పేరుకోవడం. పల్లపు మడిలో నీరు నిలిచినా, ఉప్పు నీళ్ల బోరుతో పారించినా చౌడు పుడుతుంది. నీరు ఆవిరై పోతుంది. ఉప్పు మిగులుతుంది.

మామిడి ముక్కలకు ఉప్పు కలిపితే ఏమవుతుంది? ముక్కలోని నీరు బయటికి ఊరుతుంది. చౌడులో వేరుకూ అదే కష్టం. నేల తడిగానే ఉంటుంది. కానీ వేరు ఆ నీటిని సరిగా పీల్చలేదు. పైగా ఉప్పులోని సోడియం వేరులోకి దూరుతుంది. ఆకుల అంచులు మాడిపోతాయి.

అప్పుడు పైరుకు తోడు నిలిచేవి పోషకాలు.

కాల్షియం వేరుకు కాపలా వంటిది. సోడియంను లోపలికి ఎక్కువగా రానివ్వదు.

పొటాష్ ఆకులో నీరు నిలుపుతుంది. పొటాష్ చాలినంత ఉంటే సోడియం పెత్తనం తగ్గుతుంది.

జింకు చౌడు నేలలో ఉన్నా వేరుకు అందదు. వరి ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తాయి. మొక్క గిడసబారుతుంది. అప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లాలి. అయిదు రోజులు ఆగి మళ్లీ చల్లాలి.

యూరియా చౌడులో కొంత గాలిలో కలిసిపోతుంది. అందుకే ఒకేసారి గుమ్మరించవద్దు. కొద్ది కొద్దిగా వేయాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎరువు కూడా ఒక ఉప్పే. ఎక్కువ వేస్తే మేలు కాదు, కీడు. పోషకాలు పైరుకు ఓర్పునిస్తాయి. నేలలోని ఉప్పును మాత్రం తీసేయవు.

ఉప్పు పోవాలంటే ఏది ఏ చౌడో తెలియాలి. పాల చౌడు అయితే మంచి నీరు పెట్టి, మురుగు కాలువ ద్వారా బయటికి తీయాలి. దానికి జిప్సం కొనడం డబ్బు దండగ. కారు చౌడు అయితే జిప్సం కావాలి. జిప్సంలోని కాల్షియం సోడియంను కదిలిస్తుంది. నీరు నిలగట్టి, ఆ నీటిని తీసేయాలి. తరువాత జీలుగ చల్లి, పూతకు రాగానే కలియ దున్నాలి. పెండ ఎరువు రెండిటికీ మంచిదే.

ఏ చౌడో మట్టి పరీక్ష చెబుతుంది. చౌడు మచ్చ మట్టిని, మంచి చోటి మట్టిని వేరువేరు సంచుల్లో అర కిలో చొప్పున కట్టండి. చీటీ మీద పేరు, ఊరు, సర్వే నంబరు మీ చేతితోనే రాయండి. వ్యవసాయ అధికారికి ఇవ్వండి.

2015 నుంచి కేంద్ర ప్రభుత్వం భూసార కార్డులు ఇస్తోంది. కార్డులో పి.హెచ్. అనే చోట అంకె చూడండి. అది 8.5 దాటితే కారు చౌడు కావచ్చు. ఎకరానికి జిప్సం ఎంతో అధికారిని అడగండి. ఇ.సి. అనే చోట ఉప్పు ఎంత ఉందో ఉంటుంది.

అంకెలు చదవడం మీకిప్పుడు వచ్చు. కొట్టువాడు ఏ బస్తా అంటగట్టినా తీసుకోవద్దు. ముందు కార్డు చదవండి. తరువాత పైసలు తీయండి.