లక్ష్మి అంటే గుర్తు

లక్ష్మీతత్త్వం మీద జరిగే సదస్సుకు నన్ను అధ్యక్షుణ్ణి చేశారని చెబితే ఇంట్లోవాళ్ళు నవ్వారు. నెలాఖరులో నా జేబు తడిమి చూసినవాళ్ళు మరి! ఆ అర్హత సంగతి పక్కనపెట్టి, మాట దగ్గర మొదలుపెడతాను.

'లక్ష్మి' అన్న మాటకు మొదటి అర్థం డబ్బు కాదు, గుర్తు. లక్షణం, లక్ష్యం దీని చుట్టాలే. ఋగ్వేద సంహితలో ఈ మాట పదో మండలం 71వ సూక్తంలో వస్తుంది. పేలపిండిని జల్లెడ పట్టినట్టు మాటను జల్లించి పలికే ధీరుల వాక్కులో నిలిచిన శుభచిహ్నం అక్కడి లక్ష్మి. సాహిత్యసభలో ఇంతకన్నా ఏం కావాలి? అథర్వవేదానికి వచ్చేసరికి మనిషితోపాటు నూటొక్క లక్ష్ములు పుడతారు. వాళ్ళలో మంచివాళ్ళు ఉండాలి, పాపిష్ఠివాళ్ళు ఎగిరిపోవాలి. ఆ చెడ్డ సగాన్ని తర్వాతివాళ్ళు విడదీసి జ్యేష్ఠ అన్నారు. మనవాళ్ళు అక్కడా వరస కలిపి 'పెద్దమ్మ' అనేశారు. దరిద్రంతో కూడా చుట్టరికం వదులుకోని జాతి మనది.

శ్రీసూక్తం ఋగ్వేదానికి ఖిలం, అంటే అనుబంధం. అందులో బంగారం, గుర్రాలు, ఏనుగులు వచ్చినంతసేపూ చెవులొగ్గి వింటాం. ఆ తర్వాత వచ్చే పేర్ల దగ్గర మనసు ప్రసాదం మీదికి పోతుంది. లక్ష్మి కొడుకుల్లో ఒకడు కర్దముడు, అంటే బురద. ఇంకొకడు చిక్లీతుడు, అంటే తడి. ఆవిడకు 'కరీషిణి' అని ఇంకో పేరు ఉంది. కరీషం అంటే ఎండుపేడ. పేడ సమృద్ధిగా ఉన్న తల్లి అన్నమాట. దీనికి పండితులు ఎన్ని వ్యాఖ్యానాలు చెప్పినా, దమ్ము చేసిన మడిలో మోకాలి లోతున దిగినవాడికి ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

మా ఊళ్ళో కళ్ళంలోకి చెప్పులతో పోతే మా నాన్న ఊరుకునేవాడు కాదు. తూర్పారబట్టిన వడ్లు రాశి పోశాక దాని చుట్టూ పేడనీళ్ళతో గీత గీసి, నెత్తిన పేడముద్ద పెట్టి గరిక గుచ్చేవాళ్ళు. రాత్రి కాపలా మనిషి ఉన్నా సరే, చెక్కముద్రను బూడిదలో అద్ది రాశి పొడుగునా ఒత్తేవాళ్ళు. ఎవరైనా గుప్పెడు తీస్తే వడ్లు జారి ముద్ర చెదురుతుంది, తెల్లారితే తెలిసిపోతుంది. పొద్దున్నే కొలతకు కూర్చున్న మనిషి మొదటి కుంచం ఎత్తి 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. తర్వాత రెండు, మూడు. ఆ 'లాభం' అన్నప్పుడు మా నాయనమ్మ చెంగు భుజాల మీదికి లాక్కుని కళ్ళు మూసుకునేది. మంత్రం లేదు, పంతులు లేడు. రాశి మీద గుర్తు ఉంది, నోట్లో మాట ఉంది. వేదంలో లక్ష్మికి ఉన్న అర్థం నాకు నిఘంటువు కన్నా ముందు ఆ కళ్ళంలోనే తెలిసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

లక్ష్మి నాణెం మీదికి ఎక్కిన కథ చరిత్రకారులు ఈ సభలోనే చెబుతారు గనక నేను పొడిగించను. గుప్తుల బంగారు నాణేల మీద ఉంది, 11వ శతాబ్దంలో కలచురి గాంగేయదేవుడి నాణేల మీద ఉంది. ఆఖరికి ఘోరీ మహమ్మద్ కూడా లక్ష్మి బొమ్మతో, నాగరిలిపిలో తన పేరుతో బంగారు నాణేలు కొట్టించాడు. రాజ్యం గెలవగలిగాడు గానీ సంతలో ఆవిడను కాదని నెగ్గలేకపోయాడు!

మన ప్రాంతపు లక్ష్ముల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. విశాఖపట్నం బురుజుపేట కనకమహాలక్ష్మికి గర్భగుడి కప్పు లేదు. ఎండా వానా అమ్మవారి మీదే. భక్తులు తమ చేతులతోనే పసుపు కుంకుమలు పెట్టి పూజ చేసుకోవచ్చు, మధ్యవర్తి అక్కర్లేదు. మార్గశిర గురువారాల్లో అక్కడ ఇసకేస్తే రాలదు. అసలు గురువారాన్ని 'లక్ష్మివారం' అనడంలోనే ఆ భక్తి ఉంది. ఇటు అహోబిలంలో ఆవిడ చెంచుపిల్ల. నరసింహస్వామి చెంచులకు అల్లుడు. సంక్రాంతికి పారువేట పేరుతో కొండ దిగి ఊళ్ళు తిరిగి వస్తాడు. పాలసముద్రంలో పుట్టిన దేవికి నల్లమలలో పుట్టిల్లు కల్పించడం సామాన్యమైన ఊహ కాదు. మన పరిశోధకులు అష్టలక్ష్ముల పట్టికలు వేసినంత ఓపికగా ఈ ఒక్క చుట్టరికాన్ని పట్టించుకోలేదని నా ఫిర్యాదు.

ఇంకో ఫిర్యాదూ ఉంది, కోపగించుకోవద్దు. ఈమధ్య దసరాల్లో అమ్మవారికి నోట్లకట్టలతో అలంకారం చేస్తున్నారు. చూడ్డానికి జనం విరగబడుతున్నారు. నేనూ ఒకసారి వరసలో నిలబడ్డాను. నా ముందున్న పెద్దాయన దణ్ణం పెట్టుకోవడం మరిచిపోయి, మొత్తం ఎంతుంటుందోనని వేళ్ళు ముడుస్తున్నాడు. అబద్ధం ఎందుకు, లెక్క తప్పితే నేనూ సాయం చేశాను. శ్రావణ శుక్రవారం వరలక్ష్మీవ్రతంలో తొమ్మిది ముడుల తోరం చేతికి కట్టుకుని, నానబెట్టిన శనగలు వాయనంగా ఇచ్చిపుచ్చుకునే ఆడవాళ్ళకు ఈ లెక్క అవసరం పడలేదు. ఆ కథలో చారుమతి కూడా కల వచ్చిందని తలుపేసుకుని ఒక్కతే పూజ చేసుకోలేదు, ఊళ్ళో ఆడవాళ్ళందరినీ పిలిచింది.

కళ్ళం పోయింది. ఇప్పుడు కోతమిషను మడిలోనే వడ్లు నూర్చి ట్రాక్టర్లో పోస్తుంది. ఇల్లు పంచుకున్నప్పుడు ఆ చెక్కముద్రను ఎవరూ అడగలేదు, నేను తెచ్చుకున్నాను. 'శ్రీ' అని చెక్కిన అక్షరంలో గుడిదీర్ఘం అరిగిపోయింది గానీ, సందుల్లో బూడిద ఇంకా ఉంది. పైన ఫ్యాను గాలికి ఈ కాగితాలు ఎగిరిపోకుండా ఇందాకటి నుంచి వీటి మీద ఉన్నది అదే. మొదటి పత్రం చదివేవారు దయచేసి వేదిక మీదికి రావాలి.