మగ్గం నంబరు కాదు, చేతిపని చూడాలె

(పోచంపల్లి ప్రాంత చేనేత కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము పేపరోళ్లం. 2011 సకల జనుల సమ్మెలో విద్యార్థులుగా మీతోని కలిసి రోడ్ల మీద వంటావార్పు చేసినోళ్లం. ఇయ్యాల మీ ముందట ఒక్క ముచ్చటే పెడుతున్నం. చేనేత సంఘంలో సభ్యుడంటే ఎవరు? ఎవరికి ఓటు ఉండాలె? ఇది చిన్న ముచ్చట అనుకోవద్దు. సంఘంలో పేరుంటేనే నూలు, పేరుంటేనే కూలి లెక్క. పాలకవర్గం ఎవరు కావాలన్నా ఆ పేర్ల చేతులు లేస్తేనే.

ఈ మధ్య ఒక ఊర్లో సభ్యత్వ పుస్తకం తిరగేసినం. ఊరి పేరు చెప్పం, ఆ కథ ఒక్క ఊరిదే కాదు. పుస్తకంలో పేరున్న ఒకాయన పట్నంలో దుకాణం నడుపుతున్నడు. ఇంట్లో మగ్గం కట్టెలు అటకెక్కినయి, ఓటు మాత్రం దిగలేదు. ఆ గోడ పక్కింట్లోనే ఒక అక్క పొద్దున లేచిన కాన్నుంచి ఆసు పోస్తున్నది, చిటికి కడుతున్నది, కండెలు చుడుతున్నది. ఆమె పేరు పుస్తకంలో లేదు. ఎందుకని అడిగితే, “ఆమె పేరు మీద మగ్గం లేదు సార్” అన్నరు.

పోచంపల్లి చీర మగ్గం మీద పుట్టదు, మగ్గం మీదికి ముస్తాబై వస్తది. ఆసు పోసి, చిటికి కట్టి, రంగుల ముంచి, విప్పి, ఆరబెట్టి, వరుస కుదిర్చినంకనే నేత. నూలు మీదనే బొమ్మ తయారైతది. నేసేటాయన దాన్ని చెదరకుంట దించుతడు. మరి సగం బొమ్మ చేసినామె కార్మికురాలు కాకుంట ఎట్ల పోతది?

ఒక్క చీర ఆసుకు చెయ్యి వేల సార్లు ఆడాలె. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసిండు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ నొప్పిని దేశం గుర్తుపట్టింది, మన సంఘం పుస్తకాలు మాత్రం ఇంకా గుర్తుపట్టలేదు. 2019–20 చేనేత గణనలో దేశం మొత్తం మీద సుమారు 35 లక్షల మంది చేనేత, అనుబంధ కార్మికులు తేలిన్రు. అందులో నూటికి 70కి పైన ఆడోళ్లే. మన పుస్తకాల్లో ఆడోళ్ల పేర్లు ఎన్నున్నయో మీరే లెక్క పెట్టుకోండ్రి.

“ఎవరు అసలైనోళ్లు” అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. బోగస్ ముల్కీ సర్టిఫికెట్లతో కొలువులు పోయినయనే 1969లో మన పెద్దలు కొట్లాడిన్రు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులను తుంగల తొక్కిన్రనే 1985లో 610 జీవో వచ్చింది. అది అమలు కావాలని ఉద్యోగులు ఏండ్ల తరబడి తిరిగిన్రు. కాగితం ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు ఉంటే నష్టం ఎవరికో మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? పరాయోడు చేస్తే దగా అన్నం. అదే పని మన సంఘంలో మనం చేస్తే ఏమంటం?

అందుకే మేము చెప్పేది సూటి మాట. చేతిపని చూసి సభ్యత్వం ఇయ్యాలె. నేసేటోళ్లు, ఆసు పోసేటోళ్లు, చిటికి కట్టేటోళ్లు, రంగులద్దేటోళ్లు, ఎవరికి వాళ్లే సొంత పేరుతోని సభ్యులు కావాలె. సొంత మగ్గం లేక ఇంకొకరి షెడ్డులో కూలికి నేసేటాయన అందరికంటే ముందు కావాలె. భీవండి, సూరత్, సోలాపూర్ పోయి తిరిగొచ్చి మగ్గమెక్కినోన్ని పాత రసీదు తెమ్మనొద్దు. కులం అడగొద్దు. కులసంఘం వేరు, చేనేత సంఘం వేరు.

నూలు పెట్టుబడి పెట్టి బట్ట కొనేటి సావుకారికి ఓటు వద్దు. ఆయనతోని వ్యాపారం చేద్దాం, పగ లేదు. కాని కూలి ఇచ్చేటోడు, కూలి అడిగేటోడు ఒక్క బల్ల మీద కూసుంటే కూలి పెరుగుతదా?

“ఒక ఇంట్లో నలుగురు సభ్యులైతే నూలంతా ఆ ఇంటికే పోదా?” అని ఒక పెద్దమనిషి అడిగిండు. అడగాల్సిన మాటే. నూలు మగ్గానికి లెక్కగట్టి ఇద్దాం, ఓటు మనిషికి ఇద్దాం. రెండింటినీ ఒక్క తాడుకు కట్టినందుకే ఈ తిప్పలు.

కండ్లు మసకబారి మగ్గం దిగిన తాతను తీసెయ్యమంటున్నమా? లేదు. బతుకంతా నేసినోని పేరు ఆయన ఉన్నన్నాళ్లు ఉండాలె. పట్నంలో స్థిరపడిన కొడుక్కు మాత్రం వాటా పైసలు మర్యాదగ లెక్కగట్టి ఇచ్చి దండం పెడదాం.

ఇవన్నీ తేల్చడానికి పై నుంచి ఆఫీసరు రానక్కర లేదు. నూలు ఇచ్చిన పుస్తకం, కూలి పుస్తకం ముందట పెట్టుకోండ్రి. వాడకట్టు వాడకట్టుకు నలుగురు పోండ్రి, అందులో ఇద్దరు ఆడోళ్లు ఉండాలె. పేర్లన్నీ రాసి సంఘం గోడకు అతికించండ్రి. తప్పుంటే ఊరే చెప్తది. చదువుకున్న పిల్లలు ఆ రాతపని చెయ్యండ్రి, ఉద్యోగ మిత్రులు ఆ లెక్కలు చూడండ్రి. ఉప నిబంధన మార్చాల్సి వస్తే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టండ్రి.

రాష్ట్రం 2014లో వచ్చింది. మా వాటా మాకు కావాలనే కదా కొట్లాడినం. ఆసు పోసే అక్క ఇయ్యాల అదే మాట మనల్ని అడుగుతున్నది. వచ్చే సమావేశంలో ఆమె చెయ్యి కూడా లేవాలె. ఆ చేతిని లెక్కపెట్టాలె.

జై తెలంగాణ!