నీటి వాలు, పాలన హద్దు
(స్మారకోపన్యాస పాఠం)

మనం ఎవరి పేరున ఇక్కడ కూడామో ఆ పెద్దాయన నీటిపారుదల శాఖలో పనిచేసి, కాలువ కింద చివరి ఎకరం దాకా నడిచి చూసినవారు. అందుకే నిర్వాహకులు నీటి గురించి మాట్లాడమన్నారు. నేను చెప్పబోయేది న్యూజిలాండ్ సంగతి. దూరదేశం గొడవ మనకెందుకని అనుకోకండి. పాడీ పంటా బతకాలి, నీరూ బతకాలి అన్న పేచీని అంత బాహాటంగా, చట్టాలతో, కోర్టులతో, ఎన్నికలతో తేల్చుకోజూసిన దేశాలు తక్కువ.

1989లో అక్కడ స్థానిక పాలనను తిరగరాశారు. ప్రాంతీయ మండళ్లు ఏర్పడ్డాయి. వాటి సరిహద్దుల్ని చాలావరకు నదుల పరీవాహక ప్రాంతాలను బట్టి గీశారు. వాన ఏ కొండ మీద కురిసి ఏ ఏట్లో కలుస్తుందో చూసి, ఆ మేరకు ఒక మండలి. 1991లో వచ్చిన వనరుల నిర్వహణ చట్టం వాటి చేతికి అసలు అధికారం ఇచ్చింది. ఏటి నుంచి నీరు తోడాలన్నా, పాలు పితికే కొట్టం కడిగిన మురుగును వదలాలన్నా మండలి నిబంధనలకు లోబడాలి, లేదా అనుమతి తెచ్చుకోవాలి. కుళాయి నీళ్లు, ఊరి రోడ్లు, ఇళ్ల అనుమతులు మాత్రం జిల్లా మండళ్లవి. ఇప్పుడు ప్రాంతీయ మండళ్లు 11. ఆక్లండ్, నెల్సన్ వంటి మరో 5 చోట్ల రెండు పనులూ ఒక్కరే చూస్తారు.

ఈ ఏర్పాటు ఎలా పనిచేసిందో తెలియాలంటే టౌపో సరస్సు దగ్గర కాసేపు ఆగాలి. ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైబడిన అగ్నిపర్వత సరస్సు. నీళ్లలోకి పదిహేను మీటర్ల దాకా చూపు ఆనుతుంది. సరస్సు అడుగు నేల ‘న్గాతి తూఫారెతోవా’ అనే మావోరీ తెగది. చుట్టూ పచ్చిక బయళ్లు, గొర్రెలు, పశువులు. ఆవు మూత్రం పడిన జానెడు చోటు సంగతి చూడండి: హెక్టారు లెక్కన కడితే అక్కడ పడే నత్రజని దాదాపు వెయ్యి కిలోలు. గడ్డి అంత పీల్చుకోలేదు. మిగిలింది నైట్రేట్‌గా మారి, గుల్లగా ఉండే బూడిద నేలలోంచి కిందికి దిగుతుంది. భూగర్భంలో నడిచి సరస్సును చేరడానికి దశాబ్దాలు పడుతుంది. అంటే తాతల కాలం పశువుల పాపం మనవళ్ల కాలంలో తేలుతుంది. ఈ రోజు మంద మొత్తాన్ని తోలేసినా రేపటికి నీరు తేటపడదు.

ఈ సరస్సును చూసుకునే వైకాటో ప్రాంతీయ మండలి ఇది గ్రహించి, సరస్సు ఇంకా బాగున్నప్పుడే కదిలింది. ఆ తెలివే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. 2001 నుంచి 2005 వరకు ఒక్కో రైతు పొలం నుంచి నత్రజని ఎంత జారిందో లెక్కగట్టి, ఆ మేరకు పరిమితి పెట్టారు. ఎక్కువ కావాలంటే తోటి రైతు దగ్గర కొనుక్కోవాలి. కోర్టులూ అప్పీళ్లూ అయ్యాక 2011లో నిబంధన పూర్తిగా అమల్లోకి వచ్చింది. మనుషుల వల్ల చేరే నత్రజనిలో 20 శాతం తగ్గించడానికి దాదాపు 8 కోట్ల డాలర్ల నిధి పెట్టారు. కేంద్ర ప్రభుత్వం, ప్రాంతీయ మండలి, జిల్లా మండలి కలిసి డబ్బు వేశాయి. రైతు తన కోటాలో కొంత ఆ నిధికి అమ్మి, పశువుల్ని తగ్గించి, కొన్నిచోట్ల పైన్ చెట్లు వేసుకున్నాడు. 2015కల్లా లక్ష్యం నెరవేరింది. సరస్సును మాత్రం 2080 నాటికి 2001 నాటి స్థితిలో నిలపాలన్నది వాళ్ల గడువు.

అన్యాయం లేదా అంటే ఉంది. అప్పటిదాకా ఎక్కువ మలినం వదిలినవాడికే ఎక్కువ కోటా దక్కింది. భూమిని అడవిగా, బీడుగా ఉంచుకున్న మావోరీ కుటుంబాలకు రేపు సాగు చేద్దామంటే చేతులు కట్టేసినట్టయింది. పద్ధతిగా ఉన్నవాడికి శిక్ష పడే లెక్క ఇది. దీన్ని నేను సమర్థించలేను. పైగా ఆ జారుడును కొలిచింది ‘ఓవర్‌సీర్’ అనే కంప్యూటర్ నమూనా. దాని యాజమాన్యంలో ఎరువుల సంఘానికీ వాటా ఉండేది. ఆ నమూనా చెప్పే అంకెల మీద నమ్మకం పెట్టలేమని 2021లో స్వతంత్ర నిపుణుల సంఘమే తేల్చింది.

కాంటర్‌బరీ అనే మరో ప్రాంతంలో కథ తలకిందులైంది. అక్కడ ముందు అనుమతులిచ్చారు, పరిమితి తర్వాత వెతుక్కున్నారు. మైదానానికి సాగునీరు రాగానే గొర్రెల చోట పాడి ఆవులు దిగాయి. మూడు దశాబ్దాల్లో వాటి సంఖ్య దాదాపు పదింతలైంది. మండలి పనితీరు నెమ్మదిగా ఉందని 2010లో కేంద్రం ఎన్నికైన సభ్యుల్ని తప్పించి కమిషనర్లను కూర్చోబెట్టింది. 2019 దాకా పూర్తి ఎన్నికలే లేవు. 2025 సెప్టెంబరులో అదే మండలి నైట్రేట్ అత్యవసర పరిస్థితి ప్రకటించుకుంది.

హద్దులు చక్కగా గీసినంత మాత్రాన సరిపోదని హ్యావ్‌లాక్ నార్త్ అనే ఊరి అనుభవం చెబుతుంది. 2016 ఆగస్టులో భారీ వాన పడి, గొర్రెలు మేసే పొలం నుంచి మలినం ఊరి బోర్లలోకి దిగింది. పద్నాలుగు వేల జనాభా ఉన్న ఊళ్లో అయిదు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. భూగర్భజలం ప్రాంతీయ మండలిది, కుళాయి జిల్లా మండలిది. ఇద్దరూ కలిసి పనిచేయలేదని విచారణ సంఘం తప్పుబట్టింది. ఆ మాట వింటే మన ఆఫీసుల్లో ఫైళ్లు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి?

2025 చివర్లో, ప్రాంతీయ మండలి సభ్యుల పదవులే తీసేసి ఆ పని మేయర్ల బోర్డులకు అప్పగిద్దామని అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది. ఖర్చు తగ్గుతుందంటారు. ఏటికి ఓటు అడిగేవాళ్లు లేకపోతే, రోడ్లకు ఓటు అడిగినవాళ్లు ఏటిని ఎంత పట్టించుకుంటారో నాకు అనుమానమే.

మనకూ 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. వాటి పరిధిని ఊరి పొలిమేరను బట్టి కాక, నీటి పారుదలను బట్టే నిర్ణయించాలన్నది ఆ చట్టం. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టమూ ఉంది. నీటి వాటాల గురించి మనం గట్టిగానే పోట్లాడుకుంటాం. పొలం నుంచి తిరిగి నీటిలోకి పోయేదాన్ని మాత్రం ఎవరూ కొలవరు. ఈ సభలో నీటి సంఘాల సభ్యులెవరైనా ఉంటే వారికి ఒక విన్నపం. ఈ ఎండాకాలం మీ ఆయకట్టు చివర నాలుగు బావుల నీటిని నైట్రేట్ పరీక్షకు పంపండి. వచ్చిన అంకెను మినిట్స్ పుస్తకంలో రాయించండి. మళ్లీ ఏడాది అవే బావుల నీటిని పంపండి.