స్థానము తప్పిన ఆటగాడు



నేను ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. ఆ కాలమున ఎన్నియో బదిలీ పత్రములపై చేవ్రాలు చేసితిని. వానిలో నొకదానిని తలచుకొన్నప్పుడెల్ల నేటికిని మనస్సు నొచ్చుచుండును. లెక్కలలో వెనుకబడిన బాలుడొకడు వేఱు బడికి పోయెదనని పత్రము నడిగెను. “పిఱికివాడా! కష్టమునకు వెఱచి పాఱిపోవుచున్నావు” అని నలుగురిలో మందలించి పంపితిని. వాడు తల వంచుకొని పోయెను. పలు సంవత్సరముల పిదప, హ్యూస్టను పట్టణమున నున్న నా పూర్వశిష్యుడొకడు ఆ దేశపు ఆటగాని చరిత్రమును నాకు చెప్పెను. అది విన్న నాటినుండియే ఆ బాలుడు నాకు మరల జ్ఞప్తికి వచ్చుచున్నాడు.

అమెరికా వారి ఫుట్‌బాలు మన మెఱిగిన బంతియాట కాదు. బంతి కోలగా నుండును. దానిని కాలితో తన్నుట తక్కువ; చేతబట్టి పరుగెత్తుటయు, విసరుటయు నెక్కువ. పక్షమునకు పదునొకండుగురు ఆడుదురు. వారిలో క్వార్టర్‌బ్యాక్ అనువాడు సారథివంటివాడు. బంతిని విసరుటయో, తోటివాని కందిచ్చుటయో, తానే పరుగెత్తుటయో అతడు క్షణములో నిశ్చయింపవలెను. జట్టులో నెందఱు సారథులున్నను ఆడువాడు సాధారణముగా నొక్కడే. తక్కినవారు గీత వెలుపల నిలిచి చూడవలసినదే.

జేలెన్ హర్ట్స్ అను యువకుడు 1998లో టెక్సాస్ రాష్ట్రమున జన్మించెను. తండ్రి ఉన్నత పాఠశాలలో ఈ యాట నేర్పు గురువు. కుమారుడు ఆయన యొద్దనే నేర్చెను. 2016లో అలబామా విశ్వవిద్యాలయమున చేరి, మొదటి యేటనే సారథియై, జట్టును జాతీయ తుదిపోటీ వఱకు నడిపెను. మఱుసటి యేడును అట్లే జరిగెను. 2018 జనవరి 8వ తేదీన అట్లాంటా నగరమున జార్జియా జట్టుతో తుదిపోటీ. సగమాట ముగియునప్పటికి జార్జియాకు 13, అలబామాకు సున్న. అంతట శిక్షకుడు నిక్ సేబన్ హర్ట్సును కూర్చుండబెట్టి, తువా టాగోవైలోవా అను క్రొత్త విద్యార్థిని దింపెను. ఆ క్రొత్తవాడు 26-23 తో జట్టును గెలిపించెను. దేశమంతయు చూచుచుండగా హర్ట్సు స్థానము పోయినది.

ఇక నతడు వేఱుచోటికి పోవునని పలువురు తలచిరి. పట్టము పొందకయే విశ్వవిద్యాలయము మాఱినవాడు సాధారణముగా నొక యేడు ఆడక కూర్చుండవలెనని నాటి నియమము. పట్టభద్రునకు ఆ నిర్బంధము లేదు. హర్ట్స్ పోలేదు. ఆ యేడు తువాకు సహాయకుడై, చదువు విడువక, సాధన మానక యుండెను. 2018 డిసెంబరు 1వ తేదీన, అదే క్రీడాంగణమున, అదే జార్జియాతో ప్రాంతీయ తుదిపోటీ జరిగెను. నాలుగవ భాగమున తువా గాయపడెను. అప్పటికి అలబామా 21-28 తో వెనుకబడియున్నది. హర్ట్స్ దిగి, ఒకసారి బంతి విసరి, మఱియొకసారి తానే పరుగెత్తి, 35-28 తో గెలిపించెను.

ఆ నెలలోనే పట్టము పుచ్చుకొని, 2019 జనవరిలో ఓక్లహోమా విశ్వవిద్యాలయమునకు మాఱెను. ఆ యేడు కళాశాలల ఆటగాండ్రలో నుత్తమునకిచ్చు హైస్‌మన్ బహుమానమునకు రెండవవాడుగా నిలిచెను. మొదటివాడు జో బరో. అతడును ఒహాయోలో స్థానము దొరకక లూయిజియానాకు మాఱినవాడే! జాతీయ పోటీలో బరో జట్టు చేతిలో ఓక్లహోమా 63-28 తో ఓడెను. మాఱినంతమాత్రమున జయము చేతికి రాదని దీనివలన తెలియును. హర్ట్సు ఓర్పు ఫలించుటకు మఱి కొన్ని యేండ్లు పట్టినది. 2020లో ఫిలడెల్ఫియా వృత్తిజట్టులో చేరి, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అను మహాపోటీని 40-22 తో గెలిచి, అందుత్తముడని పేరొందెను.

స్థానము తప్పినవానికి శోభ లేదని పెద్దలందురు. నేనును తరగతిలో అదియే బోధించితిని. కాని యీ యువకుడు అవమానము జరిగిన దినమున లేచిపోలేదు. చదువు ముగించి, జట్టునకు తనతో పడిన పని నెఱవేర్చి, తలయెత్తుకొని పోయెను. ఇట్టి పోకను పిఱికితన మనుట యెట్లు? 2021లో పై నియమమును సడలించిరి. పిదప మాఱువారు పెక్కుమందియైరి. అందఱును హర్ట్సు వంటివారని నేననను. ఎవడు పాఱిపోవుచున్నాడో, ఎవడు ముందునకు సాగుచున్నాడో, వానిని అడిగినగాని తెలియదు.

గ్రామమందలి పెద్దలకు నా మనవి యిదియే. మీ యింటి బాలుడు బడినో పనినో విడిచెదనన్నచో, మందలించుటకు ముందు రెండు ప్రశ్నలడుగుడు. ఇచ్చట నీవు తీర్పవలసిన పని యేమి మిగిలియున్నది? పోవుచోట నేమి నేర్వదలచితివి? తిన్నగా బదులు చెప్పగలిగినచో దీవించి పంపుడు. చెప్పలేకున్నచో కొంతకాలము నిలుపుడు; కాని నలుగురిలో చిన్నబుచ్చకుడు.

నాడు ఆ బాలుడేల పోవగోరెనో నేనడుగనే లేదు. పత్రము వ్రాయుటకు పట్టినంత సేపైనను వానితో మాటలాడనైతిని. అదే పత్రము నేడు నా బల్లమీదికి వచ్చినచో, కలము తీయుటకు ముందు వానిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని, “ఏల పోయెదవు, నాయనా?” అని యడుగుదును.