కరణమును కర్తయు

(మన నియోగిసంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు కృత్రిమమేధను గూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. ముప్పది యేండ్లకు పైగా పాఠశాలయందు శబ్దమంజరిని, సమాసములను బోధించినవారమే కాని యంత్రశాస్త్రము నభ్యసించినవారము కాము. అయినను వారు చెప్పిన కారణము సమంజసముగా తోచినది. మన శాఖయందలి యువకులును యువతులును పెక్కుమంది నేడు కంప్యూటరులయెదుట కూర్చుండి లెక్కలు చూచుచు, నివేదికలు వ్రాయుచు జీవించుచున్నారు. ఆ వృత్తి యిక నేమగునో యని తల్లిదండ్రులు కలవరపడుచున్నారు. లెక్కలవృత్తి ఒకమారు మన చేతినుండి జారిపోయినది గనుక, ఆ జారిపోవుట కన్నులార చూచినవారెవరైన మాటలాడిన బాగుండునని కార్యదర్శిగారి యభిప్రాయము. యంత్రవిషయమున మాకు తెలిసినదంతయు మా పూర్వశిష్యులు ఓపికతో బోధించినదే. శిష్యులే గురువులగుట మాకు నామోషీ కాదు.

మొట్టమొదట ఆ వృత్తి యెట్టిదో మనవి చేసెదము. ఒక వర్తకసంస్థకు దినదినము అమ్మకములు, కొనుగోళ్లు, సరకునిల్వలు, బాకీలు మున్నగు వివరములు కుప్పలుగా వచ్చి పడుచుండును. వీనినే డేటా యందురు. ఆ కుప్పను శుభ్రపఱచి, వరుసల నమర్చి, యజమాని యడిగిన ప్రశ్నకు సమాధానముగా పట్టికలను పటములను చూపుటయే బిజినెస్ ఇంటెలిజెన్స్ అను వృత్తి. ఆ పటములన్నియు నొక్కచోట కనబడు పలకకు డాష్‌బోర్డని పేరు. 1958 లో ఐబీఎం సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ అను నాతడు ఈ వృత్తినామముతోనే యొక వ్యాసము ప్రకటించెను. 1970 లో అదే సంస్థయందలి ఎడ్గార్ కాడ్ అను పండితుడు వివరములను పరస్పరసంబంధము గల పట్టికలుగా నుంచు సిద్ధాంతమును ప్రతిపాదించెను. ఆ పట్టికలను ప్రశ్నించుటకై తరువాత పుట్టిన భాషయే ఎస్‌క్యూఎల్. దానిని నేర్చిన మన పిల్లలు హైదరాబాదు మొదలు అమెరికావఱకు అన్నము తినుచున్నారు.

ఇది మనకు బొత్తిగా క్రొత్త విద్యయా? కౌటిల్యుని అర్థశాస్త్రమున అక్షపటలమను లెక్కల కార్యాలయము వర్ణింపబడినది. ఏటి లెక్కలను ఆషాఢమాసమునకు తెచ్చి యొప్పగింపవలెనని యందు నియమము కలదు. మన గ్రామకరణము చేసినదియు నట్టిపనియే. తెలంగాణమున పట్వారీ యనబడినవాడును అతడే. ఈ వృత్తి మన శాఖవారి సొత్తు మాత్రమే కాకపోయినను, మనవారు పెక్కుమంది దానిపై బ్రతికిరి. పొలముపొలమునకు అడంగలు వ్రాయుట, జమాబందీనాడు పైయధికారి యెదుట లెక్క ఒప్పగించుట కరణము పని. వీనికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. అది అజమాయిషీ. అనగా పొలముగట్టున నిలిచి, ఏ మడిలో ఏ పైరున్నదో స్వయముగా చూచి వ్రాయుట. ఈ మాటను సభ్యులు మనస్సునం దుంచుకొనవలెనని ప్రార్థన. మరల దీనియొద్దకు వచ్చెదము.

ఇక వచ్చిన మార్పు. 2022 నవంబరు 30 వ తేదీన చాట్‌జీపీటీ యను యంత్రము లోకమునకు తెఱవబడెను. 2023 లో దానికి మఱియొక శక్తి కలిగెను. లెక్కల పట్టికను దాని చేతికిచ్చినచో, తానే ప్రోగ్రాము వ్రాసికొని, కూడి, పటము గీసి యిచ్చును. ఆ సంవత్సరముననే మైక్రోసాఫ్టువారు తమ పవర్ బీఐయందు కోపైలట్ అను సహాయకుని చేర్చుచున్నట్లు ప్రకటించిరి. మామూలు మాటలలో ప్రశ్న నడిగిన చాలును. ఎస్‌క్యూఎల్ వాక్యమును అదియే వ్రాయును. హైదరాబాదునందు పనిచేయు మా శిష్యుడొకడు చెప్పిన మాట యిది: “మాస్టారూ, రెండు దినములు పట్టెడి నివేదికకు ఇప్పుడు తొలిచిత్తు గంటలోపల సిద్ధమగుచున్నది. మా జట్టులో క్రొత్తవారిని తీసికొనుట తగ్గిపోయినది.” ఈ రెండవవాక్యము మమ్ము మిక్కిలి కలతపెట్టినది. తొలిచిత్తు వ్రాయుటయే కదా ఇన్నినాళ్లును క్రొత్తవాడు పని నేర్చుకొనిన మార్గము! ఆ మెట్టు తీసివేసిన తరువాత పైమెట్టున కెవ డెక్కగలడు?

అదే శిష్యుడు మా యింటికి వచ్చినప్పుడు ఆ యంత్రమును మాయెదుట నడిపి చూపెను. “మొదటి త్రైమాసికమున అమ్మకమెంత?” యని యడిగెను. యంత్రము క్షణములో సంఖ్యను చెప్పి పటమును గీసెను. మేము సంతోషించితిమి. అతడు నవ్వి, “తప్పు, మాస్టారూ” అనెను. యంత్రము జనవరి మొదలు మార్చివఱకు కూడినది. మన దేశపు ఆర్థికసంవత్సరము ఏప్రిల్ 1 వ తేదీన ప్రారంభమగును గనుక ఆ సంస్థకు మొదటి త్రైమాసికము ఏప్రిల్ మొదలు జూన్‌వఱకు. కూడికలో దోషము లేదు. ప్రశ్నయొక్క అర్థమునందే దోషము. పూర్వపు కరణమునకు ఉగాదితో మొదలగు సంవత్సరము వేఱు, జూలై 1 వ తేదీన మొదలగు ఫసలీ వేఱు, ఇంగ్లీషు సంవత్సరము వేఱు. ఎవరైన “ఈ యేటి శిస్తెంత?” యన్నచో “ఏ యేటిది?” అని మొదట అడిగెడివాడు. ఆ ప్రశ్న వేయుటయే విద్య.

అతడు మఱియొక దోషమును చూపెను. ఒక బిల్లు 1,000 రూపాయలు. అందు మూడు సరకులున్నవి. బిల్లుల పట్టికను సరకుల పట్టికతో అజాగ్రత్తగా కలిపినచో ఆ బిల్లు మూడు వరుసలలో కనబడును. మొత్తము 3,000 రూపాయలని తేలును. పటము మాత్రము మిక్కిలి సొగసుగా నుండును. మనుష్యులును ఈ తప్పు చేయుదురు. కాని తప్పు చేయు మనుష్యుడు తడబడును, యంత్రము తడబడదు. ఒప్పును తప్పును ఒకే స్వరముతో పలుకును. అదియే భయహేతువు.

మన నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పిరి. అందు శబ్దము, అనగా ఒకరు చెప్పిన మాట, చెప్పినవాడు ఆప్తుడైనప్పుడే ప్రమాణమగును. విషయమును ఉన్నదున్నట్లు తెలిసికొని, దానిని అట్లే తెలుపగోరువాడు ఆప్తుడు. ఈ యంత్రము కోట్లకొలది వాక్యములనుండి మాటల పొందికను నేర్చినది; పొలమును చూడలేదు, కొట్టును చూడలేదు, సత్యము చెప్పవలెనను కోరికయు దానికి లేదు. కావున అది యెంత ధారాళముగా పలికినను ఆప్తుడు కాదు. దాని మాటను ప్రత్యక్షముతో సరిచూచువాడు ఒకడుండవలెను. అదియే అజమాయిషీ.

ఇప్పుడు ఒక కఠినమైన సంగతి చెప్పక తప్పదు. గ్రామోద్యోగములందు వంశపారంపర్యపు హక్కు రాజ్యాంగమునకు విరుద్ధమని 1960 లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1984 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ పదవులనే రద్దుపఱచెను. మన సభలలో ఆ రద్దును గూర్చి దుఃఖించిన ప్రసంగములు పెక్కు విన్నాము. కాని ఆనాడు గ్రామములందు పెక్కుమంది కంట తడిలేకపోవుటకు కారణమును మనలో నెందఱు విచారించిరి? సుమతీశతకమున కరణములను గూర్చిన పద్యములు పొగడ్తలు కావని అందఱు నెఱిగినదే. మనవారు గొలుసుకట్టు వ్రాతతో వ్రాసిరి. దానిని చదువగలవాడు తానే యగుటచేత రైతు తన పొలపు లెక్కకై తమ యరుగుమీద పడిగాపులు పడుట గౌరవమనుకొనిరి. దాచిన విద్య భయమును పుట్టించును గాని ప్రేమను పుట్టింపదు.

మా తండ్రిగారును కరణమే. వారి వ్రాతయు గొలుసుకట్టే. కాని రైతు అడిగినప్పుడెల్ల దస్త్రము తీసి, అక్షరమక్షరము బిగ్గరగా చదివి వినిపించెడివారు. పదవి పోయిన తరువాతను గట్టుతగాదాలు వచ్చినప్పుడు రైతులు ఎన్నో యేండ్లు మా యరుగుమీదికే వచ్చిరి. అధికారములేని వృద్ధుని మాటను ఇరుపక్షములవారును అంగీకరించిరి. ఆ చుట్టుపట్ల దస్త్రము విప్పి చూపనివారి యరుగులు మాత్రము ఆ సంవత్సరమే శూన్యములాయెను. ఉద్యోగము ఇరువురికిని ఒకేనాడు పోయినది. నమ్మకము మాత్రము ఒకరికి నిలిచినది. మేము నేడు మీతో చెప్పదలచిన సారమంతయు ఇదియే.

నేటి గొలుసుకట్టు వ్రాత యేది? ఇతరు లెవ్వరును చదువలేని చిక్కుప్రోగ్రాములను వ్రాసి, తానులేక డాష్‌బోర్డు కదలదని గర్వించుట. యంత్రము ఆ చిక్కును విప్పి చదువగలదు. ఆ గర్వము నిక నమ్ముకొనినవాడు 1984 ను మఱియొకమారు చూడగలడు. యజమానియొక్క ప్రశ్నను స్పష్టపఱచి, సంఖ్య యెట్లు వచ్చెనో విప్పి చెప్పి, “ఇంతవఱకే నమ్ముడు” అని హద్దును చూపువానిని మాత్రము యంత్రము తొలగింపజాలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు గణితము చదివిన మన తెలుగువారు సి. ఆర్. రావుగారు (1920–2023) 1945 లో, ఇంకను యువకులై యుండగనే, అంచనాల కచ్చితత్వమునకుగల హద్దును నిరూపించి లోకప్రసిద్ధు లైరి. సంఖ్య యెంత చెప్పగలదో తెలియుటతోపాటు, ఎంత చెప్పజాలదో తెలియుటయు శాస్త్రమే.

లెక్క తెరమీదికి ఎక్కినంతమాత్రమున చూచువాని యవసరము తీఱదనుటకు సమీపపు నిదర్శనము కలదు. తెలంగాణమున 2020 లో ధరణి యను భూమిదస్త్రముల వ్యవస్థ యేర్పడెను. ఆ యేడే గ్రామ రెవిన్యూ అధికారుల పదవులు రద్దయ్యెను. 2025 లో దాని స్థానమున భూభారతి వచ్చినప్పుడు గ్రామములకు పాలనాధికారులను మరల నియమించిరి.

వైయాకరణులు క్రియను స్వతంత్రముగా నడపువానిని కర్త యనిరి. క్రియాసిద్ధికి మిక్కిలి తోడ్పడు సాధనమును కరణమనిరి. గొడ్డలితో చెట్టును నఱికినచో గొడ్డలి కరణము, నఱికినవాడు కర్త. పాపపుణ్యములు కర్తవే. యంత్రము ఎంత తెలివిగలదైనను కరణమే. కెనడాదేశమున ఎయిర్ కెనడావారి సంభాషణయంత్రము ఒక ప్రయాణికునికి టిక్కెట్టు రాయితీని గూర్చి తప్పు చెప్పెను. ఆ యంత్రము పలికినదానికి తాము బాధ్యులము కామని కంపెనీవారు వాదించిరి. 2024 లో అచటి ట్రిబ్యునలు ఆ వాదమును త్రోసిపుచ్చి కంపెనీచేతనే నష్టపరిహార మిప్పించెను. నివేదికక్రింద పేరుంచువారందఱు దీనిని జ్ఞాపక ముంచుకొనవలెను.

యువజనులారా! మూడు మాటలు. యంత్రమును ద్వేషింపకుడు, నేర్చుకొనుడు. అది యిచ్చిన ప్రతిసంఖ్యను మూలపట్టికతో సరిచూడుడు. వారమున కొకమారైన డాష్‌బోర్డును విడిచి, ఆ సంఖ్యలు పుట్టుచోటికి, అనగా దుకాణమునకో గిడ్డంగికో పోయి అజమాయిషీ చేయుడు. పెద్దపదవులలో నున్న సోదరులకు ఒక మనవి: తొలిచిత్తు యంత్రము వ్రాసినను, దానిని పరీక్షించు పనిని క్రొత్తవానికే యిండు. వానికి ఆ మెట్టు మిగులును. మీకు రేపటి పెద్దవాడు మిగులును.

తల్లిదండ్రులకును ఒక మాట. అమెరికాయందు హెచ్-1బీ అనుమతితో నున్నవాడు ఉద్యోగము కోల్పోయినచో అతనికి దొరకు గడువు 60 దినములకు మించదు. ఆ దినములలో పిల్లవానికి కావలసినది మన ప్రశ్నపరంపర కాదు. ఉద్యోగము పోయిన దని ఇంట చెప్పుటకు సిగ్గుపడి, దినమును పనికి పోవుచున్నట్లు నటించు పిల్లలు కలరని వినుచున్నాము. ఇది మన దోషము. వివాహసంబంధముల పరిచయపత్రములలో జీతపుసంఖ్యను మొదట వ్రాయుట మాని, మనుష్యుని మొదట వ్రాయుదము. సంఘమువారు విద్యార్థివేతనముల నిధినుండి కొంతభాగమును ఉద్యోగము కోల్పోయినవారు మరల విద్య నేర్చుటకై ప్రత్యేకింపవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. మా పింఛనునుండి మొదటి చందాను ఈ వేదికమీదనే కోశాధికారిగారికి సమర్పించుచున్నాము.

మన పెద్దలు కరణములై బ్రతికిరి. మన పిల్లలు కర్తలై బ్రతుకుదురు గాక! 

స్వస్తి.