ఇంటిపెంకుల మేలుకీళ్లు పరీక్షించు విధము

(మునిసిపల్, తాలూకా ఉద్యోగుల నిమిత్తమైన ఉపన్యాసపాఠము)



ఖరగ్‌పూర్ పట్టణమున ఝపటాపూర్ తెలుగువారు హెచ్చుగా వసించు పేటలలో నొకటి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ యూర కర్మాగారము నెలకొల్పిన పిమ్మట, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చిన పనివాండ్ర కుటుంబములు తరతరములుగా నిచటనే నిలిచిపోయినవి. కొలువున్నన్నాళ్లు రైల్వే క్వార్టరు. కొలువు చాలించినవాడు దానిని విడువక తప్పదు. అంతట చేతికందిన ప్రావిడెంటు ఫండు సొమ్ముతో చిన్నయిల్లు కట్టుకొనువారు కలరు. స్లాబు వేయ స్తోమతు లేనివారికి పెంకుటిల్లే గతి. ఆ సొమ్ము రెండవమారు రాదు.

ఇచటి వాన కఠినమైనది. ఎండకాలమున కాలవైశాఖి గాలివానలు, ఒకొక్కప్పుడు వడగండ్లతోగూడ, వచ్చిపడును. పిమ్మట నాలుగు మాసములు ముసురు. సంవత్సరమునకు సుమారు 150 సెంటీమీటర్ల వర్షము కురియును. కప్పు కారిన యింట గోడలు చెమ్మగిలి బూజు పట్టును. పసిపిల్లలకును ఉబ్బసపురోగులకును అది హానికరము. తడిగోడలోని విద్యుత్తు తీగవలన ప్రాణాపాయము సయితము కలదు.

పెంకు కొనువారు సామాన్యముగా రంగు చూచి మోసపోవుదురు. ఎఱ్ఱదనము మట్టిలోని యినుమువలన కలుగునదే కాని చక్కని కాల్పునకు అదియొక్కటే సాక్ష్యము కాదు. ఎఱ్ఱమట్టినీరు పూసి కాల్చిన పెంకు లోపల పచ్చిగానుండియు పైకి మెఱయును. కావున రంగు చూచుటకు ముందు ఒక పెంకును పగులగొట్టి లోపలి భాగమును చూడవలెను. అంతయు ఒకేతీరుగానున్న మేలు. నడుమ నల్లనిచార యున్నచో ఆవములో తొందరపడి కాల్చినట్లు గ్రహింపవలెను. గోటితో గీచిన పొడి రాలునది పనికిరాదు. వ్రేలిమడిమెతో తట్టిన ఖంగుమని మ్రోగవలెను. బీటయున్న పెంకు మొద్దుధ్వని చేయును. అతిగా కాలిన పెంకు గట్టిదే కాని వంకరపోవును. దానిని బల్లపై బెట్టిన ఊగులాడును, ప్రక్కపెంకుతో పొసగదు, సందున నీరు దిగును.

సున్నపు కణికలు మిక్కిలి మోసకరమైనవి. మట్టిలోని సున్నపురాతి గులకలు ఆవములో కాలి సున్నమగును. తేమ తగిలినప్పుడు ఉబ్బి పెంకును లోనుండి పగులగొట్టును. కొన్ననాడు ఇది కనబడదు. నమూనా పెంకులను ఒకదినము నీటనుంచి తీసి, కొన్నిదినములు కదల్పక యుంచి, చిన్నగుంటలు పడినవేమో చూడవలెను.

అన్నింటికంటె నమ్మదగినది తూనిక. 1865లో బాసెల్ మిషన్‌వారు మంగళూరున తయారుచేయ మొదలిడిన తరహా పెంకునకు భారతీయ ప్రమాణముల సంస్థ కొలతలు నిర్ణయించినది. 410 మిల్లీమీటర్ల పొడవు, 235 వెడల్పు గల పెంకు వాటిలో నొకటి. ఎండినపెంకు 2 కిలోలకు తగ్గక 3 కిలోలకు మించక యుండవలెను. ఇరువదినాలుగు గంటలు నీటనుంచిన పిదప మేలుతరగతి పెంకు తన బరువులో నూటికి 18 వంతులకు మించి నీరు పీల్చరాదు. రెండవ తరగతికి 20. అనగా రెండున్నర కిలోల పెంకు 450 గ్రాములకంటె హెచ్చు పెరుగరాదు. నూటికి 25 పీల్చునది 625 గ్రాములు పెరుగును. తొమ్మిదివందల పెంకుల కప్పుపై ఆ యెక్కువ 157 కిలోలు దాటును. వాసములు మోయవలసినది ఈ బరువే. దీనికి ప్రయోగశాల యేల? పచారీకొట్టులోని త్రాసు చాలును. అయితే నమూనాను వర్తకుడు ఏరి యియ్యగా పుచ్చుకొనరాదు. కుప్ప అడుగునుండి, నడుమనుండి, కొనువాడే తీసికొనవలెను.

మంచి పెంకునకు వాలు చాలకున్నచో ఆ మంచితనము వ్యర్థము. నాలుగడుగుల అడ్డమునకు రెండడుగుల యెత్తుకంటె తగ్గింపరాదు. ప్లానులు పరీక్షించు ఉద్యోగులు గదుల కొలతలు చూచినంత శ్రద్ధగా దీనిని చూచుట యరుదు.

కప్పు క్రిందిభాగము నంతకంటె నరుదుగా చూతురు. 1911లో జావాద్వీపమున ప్లేగు పొడసూపినప్పుడు, ఎలుకలు వెదురుబొంగుల బోలులో కాపురముండుట కనిపెట్టి డచ్చి ప్రభుత్వమువారు పెక్కు ఇండ్ల కప్పులను మార్పించిరి. ఝపటాపూర్‌లోనైనను, మఱియే పేటలోనైనను, వెదురువాసములపై పెంకు నేయునప్పుడు బొంగుల కొనలను మూయింపవలెను. చూరుక్రింది సందులకు ఇనుపవల వేయింపవలెను.

ఇల్లు ముగిసిన తరువాత మిగిలిన పెంకులు, విరిగిన కొప్పుపెంకులు పెరటిలో వెల్లకిల పడియుండును. వానకు వాటిలో నిలిచిన కొద్దిపాటినీరే డెంగీ దోమకు చాలును. కొత్త యింటిని తనిఖీ చేయు శానిటరీ ఇన్‌స్పెక్టరు పెరటివైపు కూడ వెళ్లి, ఆ పెంకులను బోర్లించి పేర్పింపవలెను, లేదా చూరుక్రిందికి చేర్పింపవలెను.