ఉప్పుగాలిలో కెమెరా

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముచెంత తీరము దాటినది. సాయంకాలము గాలి కొంత తగ్గగానే, మా నాయనగారు నాటిన కొబ్బరిచెట్లు నేలకొరగిన తీరును ఫొటో తీయవలెనని తుంపరలోనే తోటకు పోయితిని. గొడుగు ఆ గాలికి నిలుచునా? కెమెరాకు పాలితీను సంచి తొడిగి, అద్దము మేరకు రంధ్రముచేసి, రబ్బరుపట్టీ బిగించితిని. అంతవఱకు బాగుగనే యున్నది.

అసలు చెఱుపు ఇల్లు చేరిన పిదప జరిగినది. అద్దముపై తడిని ఉత్తరీయపు చెఱగుతో తుడిచితిని. గాలి తెచ్చిన ఇసుకయు ఉప్పును దానిని గీచివేసినవి. పనిచేయుచున్నదో లేదో యని మీట నొక్కితిని. ఎంత తెలివి! లోపలి ఉప్పుతడిలో విద్యుత్తు పాఱి యంత్రము మూగవోయినది. చిత్రములున్న కార్డు మాత్రము దక్కినది.

అట్టి తడి తగిలినచో మీట ముట్టక మొదట బ్యాటరీని తీసివేయవలెను. ఇసుకను మెత్తని కుంచెతో దులిపి, మంచినీట తడిపి పిండిన గుడ్డతో పైయుప్పు నొత్తి, పొడిగుడ్డతో అద్దవలెను. బియ్యములో పూడ్చుమనువారు కలరు. తవుడు సందులలో దూరును, వలదు. మందుసీసాలలో వచ్చు సిలికాజెల్ పొట్లములను కూడబెట్టి, బిగుతుమూత డబ్బాలో కెమెరాతో కొన్నిదినము లుంచుడు. తేమ నిలిచిన అద్దమునకు బూజు పట్టును. మన తీరమున వాన లేనినాడును గాలిలో తేమ యుండును గనుక, ఆ డబ్బా ఏడాది పొడుగునను అక్కఱకు వచ్చును.

ఆ చెట్ల ఫొటో మా యింటి గోడపై నున్నది.